చేదు నీళ్ళకు చీమలు

తార్నాక దగ్గర యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎలుకల గది. పరిశోధన చేస్తున్న దీప్తి, ఎలుకలకు మేతా నీళ్ళూ పెట్టే వీరస్వామి.

“నవ్వకు బాబాయ్. ఇప్పుడు మా గైడ్ సార్ వస్తే ఏం చెప్పాలి నేను?”

“ఎలుకలు మంచిగున్నయని చెప్పు. గీ బొద్దుదాన్ని జూడు, మొన్న దీన్ని జూసి తార్నాక పిల్లులన్నీ ఉప్పల్ దిక్కు ఉరికినయ్.”

“బాబాయ్! నా పీహెచ్‌డీ పోతోందిక్కడ.”

“ఎట్ల పోతది?”

“నాలుక మీద కణాలు పోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. పుట్టినదానికి ‘నువ్వు చేదు కనిపెట్టు’ అని చెప్పే జీన్ ఒకటుంది. ఎర్ర స్టిక్కర్ ఎలుకల్లో అది తీసేశాం. పచ్చ స్టిక్కర్‌వి మామూలువి. ఎర్రవి చేదు నీళ్ళు తాగెయ్యాలి, పచ్చవి మూతి తిప్పుకోవాలి.”

“మరి?”

“అన్నీ తాగేస్తున్నాయి! అంటే ఆ జీన్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇంక నేనేం కనిపెట్టినట్టు?”

“నీళ్ళు తాగినందుకు గింత లొల్లా?”

“నీళ్ళల్లో చేదు మందు నువ్వే కలిపావుగా?”

“నేనే. కలిపి చెయ్యి కడుగుతే మోరీల దోమలన్నీ సచ్చినయ్, గంత చేదు.”

“మరి ఈ సీసా మూతికి చీమలెందుకు పట్టాయి?”

“చీమలా? యాడ?”

“ఇదిగో. ఇక్కడ.”

“ఓ, గవా... గవి మామూలు చీమలు గావు బిడ్డ. మా ఊరి నుంచి నా సంచిల ఎక్కొచ్చినయ్. వేపాకు గూడ—”

“బాబాయ్.”

“వేపాకు గూడ పండుగ లెక్క నములుతయ్—”

“సార్ హబ్సిగూడ దాటారట, ఐదు నిమిషాల్లో ఇక్కడుంటారు. ఏం కలిపావు?”

“నేనేం కలుపుత?”

“సరే, నేనే నాలుక మీద వేసుకుని చూస్తా.”

“వద్దు వద్దు! ఆగు... చక్కెర.”

“చక్కెరా!”

“చాయ్‌కి తెచ్చుకున్నదే. నీళ్ళు ముట్టక మూలకు బోయి ఎండిపోతున్నయ్ పాపం. మనమైతే నోరు దెరిచి అడుగుతం, గవి ఎవర్ని అడగాలె? సూడబుద్ధిగాలే.”

“మొదట్నుంచీనా?”

“మొదట్నుంచే.”

“ముంచేశావు బాబాయ్. నిండా ముంచేశావు... అన్నిట్లో వేశావా? ఎర్ర స్టిక్కర్ వాటికి కూడా?”

“వాటికెందుకేస్త బిడ్డ? అవి ఉత్త చేదు నీళ్ళే గటగట తాగుతున్నయ్!”