నెత్తళ్ళ వాసన పట్టుకొని వచ్చిన దొర

“జేజీ, ప్రెసిడెంటు ఇంటి గోడకి ఆ ఇంగ్లీషు రాయి ఎందుకుంది?”

ఆ రాయా? చెప్తా కూర్చో. ఆ చిక్కుడుకాయలు ఇటియ్యి, చేతులు ఊరికే ఉంటే నాకు మాట రాదు.

పూర్వం మన ఊళ్లో దొరల పటాలం ఉండేది కదా. పటాలం డాక్టరుకి ఇద్దరు కొడుకులు. ఇక్కడే పుట్టి, పసితనంలోనే దొరల సీమకి, ఇంగ్లండుకి పోయినారు. పెద్దయినాక ఇద్దరికీ లోకమంతా చెప్పుకునే బహుమతులొచ్చినాయంట. పెద్దోడికి మందు కనిపెట్టినందుకు, చిన్నోడికి పుస్తకాలు రాసినందుకు. కాదు కాదు, పెద్దోడికే పుస్తకాలు. ఏదైతేనేం, అంతా మన ఊరి నీళ్ల మహిమ అన్నారు. ఆ నీళ్లే తాగి మీ తాత అయిదో తరగతి దాటలేకపోయినాడు.

నాకు పెళ్లయిన కొత్తలో, ఆ చిన్నోడు ముసలాయనై, పుట్టిన ఇల్లు చూసుకోను వస్తన్నాడని తెలిసింది. ఇంక ప్రెసిడెంటుకి నిద్ర పట్టలా. దొరలు కట్టిన ఇళ్లు ఒకే వరస, ఒకే అచ్చు కదా. ప్రెసిడెంటు ఉండేదీ అందులోనే. చివరింట్లో మా మేనత్త పోలమ్మ. మొగుడు లేడు, ఇంటికి పట్టా లేదు. వరండాలో నెత్తళ్ళు, ఆ వేలెడు చేపలు, ఎండబెట్టి అమ్ముకునేది. తట్టెడు అర్ధరూపాయి, ఇప్పుడు ఆ తట్ట కూడా రాదు.

“దొర పుట్టింది ఈ ఇంట్లోనే పోలమ్మా. ఖాళీ చెయ్యి, గుర్తుగా హాలు కడతాం” అన్నాడు ప్రెసిడెంటు. హాలు మీద పేరు ఎవరిదో నేను చెప్పాలా?

మా అత్త ఏడవలా, అరవలా. “ఆయనొచ్చి ఇదే నా ఇల్లంటే పోతాలే, అన్నా. ఆయన చూడను వచ్చేలోగా ఇల్లు కడగాలంటే నా చేపలు యాడ పెట్టేది? కుక్కలు తింటే నువ్విస్తావా? మీ దొడ్డికైతే ఎత్తు గోడుండాది” అనింది. వాసనకి దొర మూర్ఛపోతాడని ప్రెసిడెంటుకి భయం. సరే పెట్టుకో అన్నాడు. ప్రెసిడెంటమ్మ చేప పేరెత్తితేనే నోరు పుక్కిలించే మనిషి. మొగుడి పేరు రాతిమీదికి ఎక్కుతుంది గదాని ముక్కుకి కొంగు కట్టుకొని ఓర్చుకునింది.

దొర వచ్చినాడు. మా అత్త ఇల్లంతా కడిగి, పన్నీరు చల్లి, సాంబ్రాణి వేసి పెట్టినారు. ఆయన వరండాలో నిలబడి ముక్కు ఎగబీల్చినాడు, తల అడ్డంగా ఊపినాడు. బడిలో ఇంగ్లీషు చెప్పే అయ్యవారు ఆయన మాట మాకు తెలుగులో చెప్పినాడు: “ఇది కాదంట. ఆయనకి గుర్తున్నది ఒకటే, కిటికీలోంచి వచ్చే ఎండుచేపల వాసనంట.”

అంతలో గాలి తిరిగింది. దొర కర్ర పొడుచుకుంటా వీధిలోకి నడిచినాడు, వెనక ఊరంతా. తిన్నగా ప్రెసిడెంటు దొడ్లోకి పోయి, నెత్తళ్ళ మధ్య నిలబడి, “ఇదే మా ఇల్లు” అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ప్రెసిడెంటు కూడా పెట్టుకున్నాడు. అది వేరే ఏడుపులే.

దొర పుట్టిన ఇల్లని రాయి అక్కడే పెట్టినారు. చూడను వచ్చినోళ్లందరూ రాయి చూసి, వాసనేదమ్మా అని అడిగేవాళ్లు. పాపం ప్రెసిడెంటమ్మ మా అత్త గడపలో నిలబడేది. “పోలమ్మక్కా, ఈ పూట మా దొడ్లో నాలుగు నెత్తళ్ళు ఎండేసి పోవా?”

“నా పట్టా సంగతి ఏమైందో మీ ఆయన్ని కనుక్కొని రామ్మా.”

పట్టా వచ్చింది. రాకేం చేస్తుంది?

నిజానికి ఆ డాక్టరు దొర ఉన్నది మా అత్త ఇంట్లోనే, ఆ కిటికీ కింద చేపలు ఎండేసింది మా అత్త వాళ్లమ్మే. ఆ మాట మమ్మల్ని ఎవరూ అడగలా, మేమూ చెప్పలా.

నువ్వూ బాగా చదువుకొని పెద్ద బహుమతి తెచ్చుకో తల్లీ, చల్లగా ఉండు. యాడ పుట్టినావని అడిగితే మాత్రం, ప్రెసిడెంటు ఇల్లే చూపించు.