పెంకు మీద నిప్పు: శారద గారి పదవీ విరమణ వేళ

1974 ఆగస్టు ఒకటో తేదీన, గోదావరి వరద తగ్గి ఒడ్డున ఒండ్రు ఇంకా తడారని ఒక ఉదయం, భద్రాచలంలోని మా కళాశాల కార్యాలయంలో టైపిస్టుగా అడుగుపెట్టిన శ్రీమతి శారద గారు, సుదీర్ఘమైన నిష్కళంక సేవానంతరం ఈ 2008 ఆగస్టు నెలాఖరున సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేయనుండటం మాకు గర్వకారణమే అయినా, గర్వం కన్నా బెంగే ఎక్కువగా ఉన్నదని దాపరికం లేకుండా చెప్పుకోవలసి వస్తున్నది.

తొలినాటి నుంచీ ఆమె కుర్చీ కిటికీ పక్కనే. వేళ్లు టైపు మిషను మీద ఆడుతూనే ఉండేవి, చూపు మాత్రం నది మీది మంచులో పడి ఎటో వెళ్లిపోయేది. మెలకువలోనే కలలు కంటారని మేము ఆటపట్టిస్తే, "కలలే గద, వాటికేమన్న కిరాయి కట్టాల్నా ఏంది?" అని నవ్వేవారు. ఇక పనిలో అంటారా, ఆమెకు వంక పెట్టగలవాడు మా ఆఫీసులో ఇంకా చేరలేదు.

1983లో జూనియర్ అసిస్టెంటుగా పదోన్నతి పొంది, ఉపకార వేతనాల విభాగ బాధ్యతలు స్వీకరించిన ఆమె, సీనియర్ అసిస్టెంటు అయిన తరువాత కూడా ఆ విభాగాన్ని విడిచిపెట్టలేదు. చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల నుంచి వచ్చిన ఎందరో విద్యార్థులు ముందు ఆమెను కలిసి, ఆ తరువాతే తరగతికి వెళ్లేవారు. వారిలో ఒకరి గురించి ఇక్కడ చెప్పకపోతే ఈ వీడ్కోలు సంచికకు అర్థం లేదు.

అది 2003 జూలై. పర్ణశాల అవతలి కోయ పల్లె అమ్మాయి ముత్తక్క, పాల్వంచలో డిగ్రీ మొదటి సంవత్సరం ముగించి, తల్లికి చూపు మందగించడంతో ఇంటికి దగ్గరగా ఉండాలని మా కళాశాలకు మారింది. ఉపకార వేతనం రాకపోతే హాస్టలు లేదు, హాస్టలు లేకపోతే చదువు మాని మిరప తోటల్లో కూలికి పోవడమే. పాత కాలేజీ స్కాలర్‌షిప్ సంగతి ఏమైందని శారద గారు అడిగారు.

"అక్కడనే ఇడిచిపెట్టొచ్చిన మేడమ్. ఇంకో పిల్లకియ్యుర్రని చెప్పిన."

"అయ్యో, గట్లెందుకు జేసినవ్ బిడ్డా?"

"ఇల్లు మారితే పాత పొయ్యి ఆర్పినంకనే కొత్తది ముట్టియ్యాలెనని మా అవ్వ చెప్తది. రెండు పొయ్యిలు పెట్టుకుంటే ఆశపోతు అంటరు గద!"

అదే కోర్సు, నడుమ ఏడాది పోలేదు. పాత కళాశాల వారు "మారింది" అని ఒక్క మాట చెప్తే సహాయం విద్యార్థి వెంట కొత్త కళాశాలకు వస్తుంది. "వదులుకున్నది" అంటే మాత్రం చదువు మానేసినట్టే లెక్క. ఆ మాట చెప్పించే గడువు ఆ సాయంత్రంతోనే తీరిపోతున్నది. శారద గారు అమ్మాయి చెయ్యి పట్టుకొని పాల్వంచ బస్సు ఎక్కేశారు.

బస్సు గోదావరి వంతెన దాటింది, వెదురు లారీల వెనక సారపాక దాటింది. సన్నని వానలో టేకు చెట్లు కరిగిపోతున్నట్టు కనిపిస్తుంటే, కిటికీ దొరికిన మన శారద గారు మామూలుగానే కలలోకి జారుకున్నారు. తీరా కండక్టరు "దిగుర్రి, దిగుర్రి" అని కేకేసేసరికి అది కొత్తగూడెం!

"పాల్వంచ దాటుతుంటె చెప్పొద్దా బిడ్డా?"

"పెద్దోళ్లు, మీకు ఎరికే అనుకున్న మేడమ్."

జల్దీగా మరో బస్సెక్కి వెనక్కి వస్తూ శారద గారు తన కథ చెప్పుకున్నారు. ఇల్లెందు గనిలో పనిచేసే తండ్రి మంగయ్య గారికి కొత్తగూడెం బదిలీ అయినప్పుడు, ఖమ్మంలో చదువుతున్న ఆమె కూడా అక్కడి కాలేజీకి మారారట. "నేను గూడ గిట్లనే మారిన. అడుగుతె నా సాయం నా ఎంట వచ్చేదే. అడగాల్నని ఎవ్వరు చెప్పలే. డిగ్రీ గాడనే ఆగింది. ఇందాక బస్సుల గదే కల, ఆఖరు పరీక్ష రాస్తున్నట్టు." అలా అంటూ కొంగుతో కళ్లు తుడుచుకున్నారని ముత్తక్కే తరువాత మాకు చెప్పింది.

పాల్వంచ ప్రిన్సిపాల్ గారు అప్పటికే ఆఫీసుకు తాళం వేయించి బయలుదేరబోతున్నారు. "ఆ పిల్లే వద్దన్నది గదమ్మా, మేమేం జేస్తం?" అన్నారు.

"వద్దనలే సార్, ఇంకొకరికియ్యమన్నది. వద్దనుడు వేరు, పంచుడు వేరు."

ఆయన నవ్వి, తాళం తీయించి, "మారింది" అని సంక్షేమ కార్యాలయానికి స్వయంగా ఫోను చేసి చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు శారద గారు అన్న మాట ఇది: "సాయం పొయ్యి కాదు బిడ్డా, నిప్పు. ఇల్లు మారితె పెంకుల పెట్టుకొని ఎంట తీస్కపోవాలె." దసరా దాటాక స్కాలర్‌షిప్ వచ్చింది. అప్పటిదాకా హాస్టలు వార్డెను గారిని బతిమాలి అన్నం పెట్టించింది ఎవరో చెప్పనక్కరలేదు.

పదవీ విరమణానంతరం శారద గారు మధిరలో చెల్లెలి దగ్గర ఉండబోతున్నారు. పోయిన వారం మాత్రం దిగులుగా కూర్చున్నారు. పింఛను కోసం నెలనెలా ఇంత దూరం రావాలి కాబోలునని అనుకున్నారట! ఊరు మారినా సాయం వెంట వస్తుందని అందరికీ చెప్పిన మనిషి తన దాకా వచ్చేసరికి మరిచిపోయారు. పింఛను సంగతి కనుక్కుందామని ఇక్కడి ట్రెజరీకి వెళ్తే, బల్ల వెనక నుంచి లేచి నిలబడింది ముత్తక్క. అక్కడ ఉద్యోగంలో చేరి ఏడాది అయింది.

"మీ పింఛను కాయితాలు మధిర ట్రెజరీకి నేనే పంపుతున్న మేడమ్. మీ నిప్పు మీ ఎంటనే వస్తది."

శారద గారు అక్కడే ఏడ్చేశారు, తోడు వెళ్లిన మేమూ ఆగలేకపోయాము.

మధిర ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకొని, కిరాయి లేని కలలు కావలసినన్ని కంటూ, కలలో రాసిన ఆ ఆఖరు పరీక్షను మెలకువలో కూడా రాసి, శారద గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. బస్సెక్కినప్పుడు మాత్రం పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి, మేడమ్.