తిరగవాతకు లొంగిన పట్నం

బజ్జీల పిండి కలుపుతూనే ఉరుకుందమ్మ రోడ్డు మీద ఒక కన్నేసి ఉంచింది. ఇంకాసేపట్లో తాసిల్దారు విచారణకు వస్తాడు. మేకలు వంక నీళ్లకు పోయే దోవకు ఆసామి శివశంకర్ కంచె వేసి, అక్కడ దోవే లేదంటున్నాడు. ఆసామి వైపు కాగితాలు మాట్లాడతాయి. మేకలవాళ్ల వైపు ఎవరో ఒకరు నోరు తెరవాలి. చిన్నప్పుడు ఆ దోవన మేకలు తోలినవాళ్లలో మిగిలింది బొజ్జన్న ఒక్కడే. ఆ సంగతి ఎత్తితే చాలు, అతను మిల్ట్రీ కతల్లోకి పారిపోతాడు.

ఇప్పుడూ అంతే.

"కంచెదేముందమ్మే! డెబ్బై ఒకటి యుద్ధంలో పట్నమే పట్టినోణ్ణి," అన్నాడు టీ గ్లాసు అందుకుంటూ. "నాది వంట డ్యూటీ. పట్నం బయట డేరాలు. దినామూ రొట్టెలు తిని నాలిక చచ్చిపాయ. ఒగనాడు బొరుగులతో ఉగ్గాని చేసుకుందామని బాణలి పెడితి, తిరగవాతకని ఇంటినించి తెచ్చుకున్న ఎండుమిరపకాయలు గుప్పెడు నూనెలో ఏస్తి. నేను చేసింది అంతే! ఆ తర్వాత ఏమాయనో తెలుసునా?"

"మాడిపాయనా?" అన్నాడు బెంచీ మీద హనుమన్న.

"గాలి మళ్లె! పొగ పోయి పట్నం మీద పడె. కావలోడు తుమ్మె, ఆని తుపాకి కింద పడె, ఆని ఎనకోడు తుమ్మె, బజారు తుమ్మె, ట్యాంకులు గూడా దగ్గి దగ్గి ఆగిపాయ..."

"ట్యాంకుకు ముక్కు యాడుండాదప్పా?"

"ముందర పొడుగ్గా ఉండేది ఏమనుకుంటివి? ఇనప్పా. మీద ఇమానాలు వస్తాండె, కండ్లు మండి వచ్చిన దోవనే పాయ. కడాకు వాళ్ల జనరలే వచ్చె, రెండు చేతులూ పైకెత్తి. అయ్యా, బాణలి దించు, పట్నం నీదే అనె. చేతులెత్తినోడు పిలిచినకాడికి రావల్ల, అది మిల్ట్రీ రూలు. పా అంటి. ఆయన ముందర, ఆయనెనక పట్నమంతా, ముక్కులు చీదుకుంటా! నాకేమో పొగ తగిలినట్టే లేదు. సీమ ముక్కు కదా!"

ఉరుకుందమ్మ ఉగ్గాని బాణలిలో గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి, స్టవ్ పెంచి, గాలికి అడ్డం పెట్టుకున్న రేకు పక్కకు తీసేసింది.

మొదటి దగ్గుకు బొజ్జన్న టీ ఒలికింది. రెండోదానికి తలగుడ్డ జారింది. హనుమన్న అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు. కళ్లనీళ్లు కారుతుంటే బొజ్జన్న రెండు చేతులూ పైకెత్తేశాడు.

"దించమ్మే... దించు!"

ఆమె బాణలి దించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. మలుపులో జీపు కనిపించింది.

"చేతులెత్తితివి కదా మామా," అంది నెమ్మదిగా. "పా, కంచె కాడికి."