అలిగినోళ్ల అర్ర

బోధన్ రోడ్డు మీద, ఒకప్పటి చెరుకు మడిలో కట్టిన సంజన ఫంక్షన్ హాలు. సొంత బిడ్డ పెండ్లి దగ్గర పడేసరికి హాలు ఓనరు ఎర్రన్నకు ఉన్నట్టుండి కట్టిన గోడలేవీ నచ్చడం మానేశాయి. భార్య సుమిత్రమ్మ నిజామాబాద్ నుంచి నవత అనే డిజైనరు పిల్లను పిలిపించింది. ఖాళీ హాలు నడుమ టేబుల్ మీద ప్లాను పరిచి ఉంది, ఎవరికీ భయపడని ఎర్రన్న ఆ పిల్ల అడిగే ప్రశ్నలకు మాత్రం నసుగుతున్నాడు.

"అది కాదు సార్, ఈ గది దేనికని అడుగుతున్న. పెండ్లికూతురు రూం ఉంది. పెండ్లికొడుకు రూం ఉంది. సామాన్ల రూం ఉంది. మరి మీరు పెన్సిల్‌తోటి గీసిన ఈ డబ్బా ఏంది?"

"రూమే."

"ఏం రూం?"

"గట్లనే, ఒక రూం బిడ్డా. ఓ పదిమంది కూసునేటట్టు."

"వీఐపీలకా?"

"వీఐపీలే అనుకో. పెండ్లిల వాళ్లను మించిన వీఐపీలు ఉండరు."

"అంటే లీడర్లు, ఆఫీసర్లు..."

"వాళ్లదేముంది, వస్తరు, అక్షింతలేస్తరు, ఫోటో దిగుతరు, పోతరు. గిది అలిగినోళ్లకు."

"ఎవరికి?"

"అలిగినోళ్లకు. అలిగినోళ్ల అర్ర."

"సార్, జోక్ చేస్తున్రా?"

"జోకేంది? హాలు వెట్టినకాంచి సూస్తున్న. ఎవ్వలు అలుగని పెండ్లి ఒక్కటి సూపియ్యి నాకు. మగపెండ్లోళ్ల చిన్నల్లునికి బొట్టు వెట్టలే. పిల్ల చిన్నాయినను ఫోటోకు పిలువలే. ఒకాయినకు మటన్‌ల అన్ని బొక్కలే వచ్చినయి. లేస్తరు, తువ్వాల దులుపుకుంటరు, బయిటికి నడుస్తరు. గప్పుడు మనమేం జెయ్యాలె?"

"ఏం చెయ్యాలె?"

"ఆపాలె. ఆపాల్నంటె జాగ ఉండాలె గదా. ఇప్పుడు సూడు, డైనింగ్ తలుపు తీస్తె సీదా గేటే. అలిగినోడు అలిగినట్టే రోడ్డెక్కుతుండు. మనకు తెలిసేలోపల బండి కిక్కు కొట్టిండు, పోయిండు."

"అందుకా గేటు మార్చమంటున్రు? నేను పార్కింగ్ కోసమనుకున్న!"

"పార్కింగ్ ఎవనిక్కావాలె? డైనింగ్‌లకెళ్ళి గేటు దాంక పోవాల్నంటె ఒక వంపు తిరుగాలె. తిరుగంగనే ఈ అర్ర ఎదురుంగ కనవడాలె. తలుపులు బార్లా తీసుండాలె. ఫ్యాను తిరుగుతుండాలె. మెత్తటి సోఫా."

"కోపంల ఉన్న మనిషి సోఫాల ఎందుకు కూసుంటడు సార్? పోయేటోడు పోతడు."

"నీకు పెండ్లి కాలేదు గదా? అందుకే తెల్వది. అలిగినోనికి పోవుడు ఇష్టముండదు బిడ్డా. ఎవలన్న పిలుస్తరేమోనని సూస్తడు. మెల్లగ నడుస్తడు. చెప్పులు దొర్కనట్టు దేవులాడుతడు. కాళ్లకు తొడుక్కున్నంక గూడ దేవులాడుతడు. మనం జర ఆలస్యం జేసినమనుకో, ఇగ ఇజ్జత్ కోసం పోవాల్సొస్తది. పాపం, ఏడ్సుకుంట పోతడు."

"మంచిగ చదివిన్రు సార్, అలిగినోళ్లను."

"పుస్తకమే రాయొచ్చు."

"మరి ఈ కిటికి? వంటల దిక్కు ఎందుకు పెట్టిన్రు? పొగంత రూంలకు కొడుతది."

"కొట్టాలెనే! బగారన్నం మూత తీసినప్పుడు వాసన సీదా వచ్చి ముక్కుకు తాకాలె. ఎంతసేపు అలుగుతడో నేను సూస్త."

"అయ్యో దేవుడా. మాకు కాలేజీల ఇవన్ని చెప్పలేదు."

"అందుకే అడిగి తెల్సుకోవాలె."

"సరే, అడుగుతున్న. స్టేజికి రెండు దిక్కుల మెట్లున్నయి. నడిమిట్ల మళ్లీ ఈ మెట్లెందుకు?"

"ఉరుకనీకి."

"ఎవరు?"

"పిల్ల తండ్రి. స్టేజి మీదికెళ్ళి సూస్తె అలిగి పోయేటోడు మంచిగ కనవడుతడు. కని పక్కకెళ్ళి దిగాల్నంటె చుట్టాలు, పూలు, ఫోటోగ్రాఫరు. దిగి ఉరికేవరకు వాడు..."

"వాడు?"

"వాడు అంటె, ఎవడైన సరే."

"మీకెప్పుడన్న గట్లయిందా సార్?"

"నాకా? నాకేమైతది. నాకేం గాలే."

"మరి?"

"వేరే ఒకాయినకయింది."

"ఎవరాయన?"

"నువ్వు డిజైనరువా, పోలీసువా?"

"చాయ్ తాగున్రి ఇద్దరు. ఆయన అడుగుతె చెప్పడు బిడ్డా, నన్ను అడుగు. అలిగి పోయినాయన పేరు నాగేందర్. నా సొంత తమ్ముడు."

"అగో, వచ్చింది! చెప్పు సుమిత్రా, మైకు వెట్టుకొని చెప్పు."

"మైకెందుకు, ఊరంతకు తెల్సిందేనాయె. మా సంజనకు చీర కట్టిచ్చిన ఫంక్షన్, బిడ్డా. ఈ హాలుల అదే మొదటి ఫంక్షన్. మేనమామ పట్టుచీర వెట్టిండు, పసుపు గంధం రాసిండు, మంచిగున్నడు. బువ్వ తినేకాడికి వచ్చింది లొల్లి. ఈయన హైదరాబాద్‌ల ఏడనో సూసొచ్చి, బంతి భోజనం బంద్ జేసి బఫే వెట్టిచ్చిండు."

"అప్పుడు గదే ఫ్యాషన్!"

"మేనమామను ప్లేటు పట్టుకొని లైన్ల నిలవడుమన్నరు."

"నేనన్ననా? వడ్డించేటోడు అన్నడు."

"నీ హాలుల వాడన్నా నువ్వన్నట్టే. మేనమామకు ఆకేసి, కూసోవెట్టి, కొసరి కొసరి వెట్టాలె. ఆ దినం ఆయన చేతికి ప్లేటిచ్చి, ముందటోడు జరిగితె జరుగుమన్నరు."

"ఇచ్చిన్రు సరే. పిలిచి నాతోని ఒక మాట చెప్పొద్దా? అందరి ముందట ప్లేటు బోర్లిచ్చి పోవుడేనా?"

"బోర్లియ్యలేదు సార్. పక్కకు పెట్టిండు."

"నీకెట్ల తెల్సు?"

"అంటే... బోర్లిస్తే చప్పుడైతది కద. స్టేజి మీద మీకు వినపడిందా?"

"లేదు."

"అదే చెప్తున్న."

"స్టేజి మీదికెళ్ళి నేను సూస్తనే ఉన్న బిడ్డా. దిగబోయిన. ఫోటోగ్రాఫరు 'సార్ ఇటు, సార్ నవ్వున్రి' అన్నడు. నవ్విన. గా ఫోటో ఇప్పటికి ఆల్బంల ఉన్నది, పెయ్యంత మండుతుంటె పండ్లిగిలిచ్చిన ఫోటో. దిగేవరకు బండి దుమ్ము లేపుకుంట గేటు దాటింది."

"గేటు దాంకనన్న ఉరకకపోయినవా?"

"ఉరికిన సుమిత్రా. నువ్వు సూడలే. రోడ్డు మీదికి పోయిన. వాడు చిన్న బిడ్డను బండి ముందట కూసోవెట్టుకున్నడు. పింకి అనేటోళ్లం. చేతుల సగం కొరికిన లడ్డు. పక్కకు వంగి వంగి ఎనుకకు సూసింది నా దిక్కు. నిజం చెప్తున్న, గా పిల్ల మొఖం యాదికొస్తె ఇప్పటికి పాణం గుంజుతది."

"ఈ ముచ్చట నాకెన్నడు చెప్పకపోతివి!"

"నువ్వడిగినవా?"

"ఏమైంది బిడ్డా, చాయ్ తాగుతలేవు?"

"ఏం లేదు అ... అమ్మా. వేడిగుంది. సార్, అప్పట్నుంచి మాట్లాడుకోలేదా?"

"అలిగింది వాడు. వాడే మాట్లాడాలె."

"పిలువంది వీళ్లు. వీళ్లే పిలువాలె. ఇద్దరు గిదే పాట, బిడ్డా. నేను రాఖీ కట్టనీకి ఏడాదికోసారి పోతనే ఉన్న. ఆడ ఈయన ముచ్చట తియ్యడు ఆయన. ఈడ ఆయన ముచ్చట తియ్యడు ఈయన."

"తీస్త లేనా? పోయినేడు వాన లేనప్పుడు అడిగిన గదా, వాని పసుపెట్లుందని."

"పసుపును అడిగినవ్. మనిషిని అడగలే."

"మరి ఇప్పుడు పెండ్లికి?"

"గదే బిడ్డా రంది. మేనమామ చెయ్యి పట్టి తోలుకొస్తెనే మండపంల కూసుంట, లేకుంటె రూంలకెళ్ళి కదల అని మొండికేసింది సంజన. ఈయన ఏం జేసిండో అడుగు."

"కార్డు పంపిన."

"పోస్టుల! సొంత బామ్మర్దికి, ఇంటికి పొయ్యి బొట్టు వెట్టి పిలువాల్సిన మేనమామకు, కార్డు పోస్టుల పంపిండు!"

"స్పీడు పోస్టుల పంపిన."

"సార్..."

"నవ్వకు బిడ్డా. వాడు వస్తడు. అలిగినా మేనకోడలు పెండ్లి ఇడిచి ఉండలేడు, నాకెరుక. వచ్చినంక మళ్లీ ఏదో దానికి అలుగుతడు, అది గూడ ఎరుకే. గప్పుడు పోనీయ. అందుకే ఇంత కూలగొట్టి కట్టుడు. ఒకసారి ఈ గేటు తప్పు జేసింది. ఇంకోసారి చెయ్యొద్దు."

"తప్పు గేటుదా సార్?"

"గేటుది. స్టేజి మెట్లది. ఫోటోగ్రాఫరుది గూడ జరంత ఉన్నది."

"ఇంకెవరిది లేదా?"

"జెల్ది ప్లాను గియ్యి. ఆ వంపు ఇంక పొడుగు గావాలె. వాడు మస్తు స్పీడుగ నడుస్తడు."

"ఇప్పుడేం నడుస్తడు సార్, మోకాళ్లు పట్టేసినయి కద."

"ఎవని మోకాళ్లు?"

"అంటే... పసుపు పెట్టేటోళ్లందరికి అంతే కద. వంగి వంగి."

"నేనే చెప్పిన ఆమెకు, తమ్మునికి మోకాళ్ల నొప్పులని. నువ్వు చాయ్ తాగు, సల్లారుతుంది."

"ఎప్పుడు చెప్పినవ్?"

"నువ్వు సోఫా రంగు గురించి ఆలోచన చేస్తున్నప్పుడు."

"సార్, ఒక మాట చెప్తే ఏమనుకోరు కద? ఈ డిజైన్ పనికిరాదు."

"ఎందుకు పనికిరాదు?"

"అంతా పోయేటోళ్ల కోసమే ఆలోచించిన్రు. పోతుంటే ఎట్ల ఆపాలె, ఏడ కూసోపెట్టాలె, ఏం వాసన చూపియ్యాలె. వచ్చేటోళ్ల గురించి ఆలోచించలేదు. గేటు కాడికి వచ్చి నిలబడ్డోనికి ఏం కనపడుతది? గోడ. ఆ గోడ మీద మీ ఫోటో. రమ్మనే మనిషి ఒక్కరు లేరు. లోపలికే రానోనికి లోపల సోఫా ఉండి ఏం లాభం సార్?"

"గేటు కాడికొచ్చి ఎవడు నిలవడుతడు? వచ్చెటోడు లోపలికే వస్తడు."

"అందరు రారు. కిటికిలకెళ్ళి చూడున్రి. చెరుకు ట్రాక్టరు వెనుక, తెల్ల కారు."

"అది నీ కారే గదా? నీ డ్రైవరు. మొన్నట్నుంచి సూస్తున్న, నిన్ను దింపుతడు, ఆడనే కూసుంటడు. చాయ్ పంపితె వాపస్ పంపిండు. ఏం టెక్కు మనిషో."

"ఇంటోళ్లు పిలిస్తేనే తాగుతడట."

"డ్రైవరుకు గంత రోషమా?"

"డ్రైవరు కాదు మామ. మా బాపు."

"సుమిత్రా."

"ఊఁ."

"ఈ పిల్ల..."

"ఊఁ."

"నీకు తెల్సు."

"నా మేనకోడలు నాకు తెల్వకపోతదా? నేనే పిలిపించిన. సంజనకు గూడ తెల్సు. రూంలకెళ్ళి కదల అని మొండికెయ్యుమన్నది గూడ నేనే."

"పింకి?"

"పింకినే మామ. నవత అని బడిల పెట్టిన్రు."

"ఎంత పెద్దగైనవ్ బిడ్డా. ఆ లడ్డు..."

"తిన్న మామ. నిజాంసాగర్ కాలువ దాటేదాంక ఏడ్చుకుంట తిన్న. బాపు గూడ ఏడ్చిండు. కండ్లల్ల దుమ్ము పడ్డదన్నడు."

"నాకు గూడ గదే దుమ్ము వడ్డది, తియ్యి."

"మరి ఇగ పొయ్యి పిలువరాదయ్యా. గేటు దాంకనే. మోకాళ్లు పట్టుకొని కార్ల కూసున్నడు పాపం."

"నేను పోను."

"మామా!"

"నేను పోను బిడ్డా. పోవాల్ననే ఉన్నది, కని కాళ్లు వస్త లేవు. గిన్నేండ్లు పోనివాణ్ని ఇప్పుడు పొయ్యి ఏమని పిలువాలె?"

"పిలువకుంటే బాపు దిగడు మామ. నేను మస్తు బతిమాలిన. మీ మామ పిలిస్తే ఒక్క అడుగుల దిగుత అంటడు. పొద్దుట్నుంచి కారు తలుపు సగం తెరిచే పెట్టుకున్నడు, చూడున్రి."

"సగం తెరిచిండా?"

"సగం."

"చెప్పులు?"

"ఒకటి తొడుక్కున్నడు. ఒకటి దేవులాడుతున్నడు."

"వాడు మారలే సుమిత్రా."

"నువ్వు మారినవా?"

"బిడ్డా, ప్లానుల మనం గీసిన అర్ర సరిగ్గ ఏడికొస్తది?"

"ఇక్కడనే మామ. మీరు నిలబడ్డకాన్నే. ఎందుకు?"

"ఆ కుర్చీ ఇటెయ్యి."

"ఎందుకయ్యా కుర్చీ? ఏం జేస్తున్నవ్?"

"కూసుంటున్న. పెండ్లాం దాసిపెట్టింది, కన్నబిడ్డ మొండికేసింది, కోడలుపిల్ల డిజైనరునని చెప్పి నాతోని అలిగినోళ్ల ముచ్చట్లన్ని చెప్పిచ్చుకున్నది. అందరు గల్సి నన్ను ఆగం జేసిన్రు. నాకు మస్తు గుస్స వచ్చింది."

"మామా, నవ్వుకుంట చెప్తున్రు..."

"నవ్వుతలేను. నేను అలిగిన. నువ్వు ఉరుకు బిడ్డా, పొయ్యి మీ బాపుకు చెప్పు: మా మామ అలిగి కూసున్నడు, ఎవలు చెప్పినా ఇంటలేడు, బామ్మర్ది లోపలికొచ్చి బతిమాలితెనే లేస్తడట. జర జెల్ది రమ్మను, నాకు ఎక్కువసేపు అలుగుడు రాదు."