మేనమామ సంతకం

యుద్ధంతో మూతపడ్డ రాగిగని మళ్ళీ తెరవడానికి సంతకం అడిగే కాగితం పట్టుకుని, బూగన్‌విల్ దీవిలో కొండ మీదున్న బావ ఇంటికి బావమరిది వచ్చాడు.

"యుద్ధం తెచ్చింది విదేశీ కంపెనీయే కదా, బావా?"

"కాదు, మీ మేనమామ. మన దగ్గర నేల ఆడవాళ్ళది. కంపెనీ మగవాళ్ళని అడిగింది. ఆయన ఆడవాళ్ళని అడక్కుండానే ఎగబడి గనికి సంతకం పెట్టాడు, గొడవంతా అక్కడే మొదలైంది."

"మరి మన మీదికొచ్చిన హెలికాప్టర్లు ఎవరివి?"

"విదేశీవే. సైన్యం దీవి చుట్టూ పెట్టిన దిగ్బంధంలో మందుల్లేక మీ అక్క పోయింది. నా కూతురు థెక్లాకి నువ్వు సొలొమన్ దీవుల నుంచి పడవలో తెచ్చిన మందూ విదేశీదే. ఇంతకీ సంతకం పెట్టేశావా, మేనమామా?"

"వెక్కిరించకు. థెక్లాని అడగడానికొచ్చాను. అక్క తర్వాత నేల దానిది. వద్దంటే చించేస్తాను."

"మందు తెచ్చిననాడు నీకొక మంచిమాటైనా చెప్పలేదు. ఇవాళ చెబుతున్నా, నీ మేలు మరవనురా. థెక్లా! ఇలా రా. మీ మామ నిన్నేదో అడగాలట."