నాలుగు వందల మంది తెరిచిన ఉత్తరం

ఆ శుక్రవారం మధ్యాహ్నం నైరోబీ అప్పర్ హిల్‌లో, బ్యాంకుల అద్దాల మేడల వెనక, ముంబువా టీ కొట్టు దగ్గర మీరూ ఉన్నారా లేదా? ఉంటే చెప్పండి, ఏం చూశారు? నీళ్ళు నమలకండి. లుబంగా చేతులు గాల్లో తిప్పడం చూశారు. నూనెలో వేయించిన మందాజీ రొట్టె ముక్క నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి మాట్లాడటం చూశారు. పొట్ట పట్టుకుని నవ్వారు. అంతేనా? బెంచీ అంచున ఆ మనిషి మోకాళ్ళు వణకడం చూశారా? చూసుండరు. కోతలు కోసేవాడి నోటివైపే చూస్తారు అందరూ. మోకాళ్ళ సంగతి ఎవరికి పట్టింది?

జెరెమయా లుబంగా పాలరైతుల పొదుపు సంఘంలో మనుషుల్ని పనిలో పెట్టే ఆఫీసరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. గుమాస్తాల్ని తెచ్చాడు, డ్రైవర్లని తెచ్చాడు, కర్ర పట్టుకునే వాచ్‌మన్లని తెచ్చాడు. కానీ రెండు నెలల కిందట ఎవడో సంఘం కంప్యూటర్లలోకి దూరి పదిహేడు మంది పాలవాళ్ళ పొదుపు ఊడ్చుకుపోయాడు. అప్పుడు కమిటీ అడిగింది కర్ర పట్టుకునేవాడిని కాదు, కంప్యూటర్లకి కాపలా కాసే మనిషిని. అలాంటివాళ్ళు ఊరు మొత్తానికి వేళ్ళ మీద లెక్క. ఈ బ్యాంకు నుంచి ఆ బ్యాంకు లాక్కుంటుంది, ఆ బ్యాంకు నుంచి ఫోన్ కంపెనీ లాక్కుంటుంది. పాలరైతుల సంఘం వైపు ఎవరు చూస్తారు?

సాయంత్రం నాలుగింటికి కమిటీ. మనిషి పేరు చెప్పకపోతే సోమవారం నుంచి ఫోన్లో డబ్బు తీసుకునే ఏర్పాటు మూసేస్తామన్నారు. కొండల్లో ఆవుల్ని మేపుకునేవాళ్ళు తమ డబ్బు కోసం బస్సెక్కి రాజధానికి రావాలి. లుబంగా కుర్చీ కూడా ఖాళీ చెయ్యాలి.

ఆయన ఆశ ఒక్క మనిషి మీదే ఉంది. ఎదుటి బెంచీ మీద, పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి టీ ఊదుకుంటున్న మనిషి. ఆమె పేరు కెముంతో. కిసీ ఊరి వైపు అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి, ఎదురు మేడలో పెద్ద బ్యాంకు కంప్యూటర్లకి కాపలా. ఉద్యోగమిస్తామని పన్నెండు రోజుల్లో మూడు మెయిళ్ళు పంపాడు ఆమెకి. ఉలుకూ పలుకూ లేదు. జీతం చాలక బెట్టు చేస్తోందనుకున్నాడు. మొహం మీదే అడిగి కాదనిపించుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని అడగలేదు. ఆమెకి వినపడేట్టు కథ ఎత్తుకున్నాడు.

"మనిషిని పట్టడం ఒక విద్య, చెల్లెమ్మా," అన్నాడు ముంబువాతో. "పోయినేడు గథోగో అని ఒకడుండేవాడు. కంప్యూటర్ దొంగలకి వాడి పేరు చెబితే జ్వరం. వాడితో ఫోన్లో ఒక్క నిమిషం మాట్లాడా. 'తమ్ముడూ, రా' అన్నా. వచ్చాడు."

"ఫోన్ నువ్వే చేశావా అన్నయ్యా?" ముంబువా మందాజీ తిరగేస్తూ అడిగింది.

"మిస్డ్ కాల్ ఇచ్చుంటాడు," అన్నాడు టాక్సీ డ్రైవర్ ఒలూచ్.

"నవ్వండి, నవ్వండి. వాడు రాజీనామా ఇచ్చాడో లేదో వాడి బ్యాంకువాళ్ళు జీతం రెట్టింపన్నారు, అరగంటలో పక్క బ్యాంకువాళ్ళు మూడింతలన్నారు, ఈలోగా ఫోన్ కంపెనీ కారిస్తామంది, ఇంకోడొచ్చి కారూ డ్రైవరూ ఇస్తామన్నాడు, మరొకడు ఆ డ్రైవర్‌కి కూడా ఇంకో కారిస్తామన్నాడు..."

"పెద్దాయనా, ఆ డ్రైవర్ పనేదో నాకిప్పించు," ఒలూచ్ చెయ్యి ఎత్తాడు.

"ఆగరా! అప్పుడు నేనేం చేశానో తెలుసా? నేరుగా మురాంగా ఊరికి వెళ్ళా, వాడి తల్లి దగ్గరికి. ఆరుగురు పెద్దమనుషుల్ని వెంటేసుకుని, అచ్చం పెళ్ళి మాటలకి పోయినట్టే. గేటు మూసుంది. లోపల్నుంచి ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు, ఎవరు మీరు, దేనికొచ్చారు అని. మేం బయట నిలబడి పాడాం, మీ ఇంట్లో మాకు కావలసిన పిల్లాడున్నాడని. గొంతు పోయేదాకా పాడించి, గేటు సొమ్ము గుంజి, అప్పుడు తలుపు తీశారు. తీరా లోపలికెళ్ళి చూద్దునుగదా, నాలుగు బ్యాంకులవాళ్ళు టైలు కట్టుకుని ముందే కూర్చునున్నారు, ఒక్కొక్కడి వెనక కన్యాశుల్కానికన్నట్టు మేకల మంద! ఒకడివి తొంభై తొమ్మిది. ప్రతి మేక మెళ్ళో గుర్తింపు కార్డు, ఫోటోతో సహా!"

"బ్యాంకు మేకలు మరి," అన్నాడు ఒలూచ్.

"ఇంకోడు గారిస్సా నుంచి ఒంటెల్ని దింపాడు. హెలికాప్టర్లో!"

"నువ్వేం పట్టుకెళ్ళావు అన్నయ్యా?"

"నేనా? ఒక్క మేక. కానీ ఎలాంటి మేక! అది గడపలో అడుగు పెట్టిందో లేదో ఆ తొంభై తొమ్మిదీ లేచి నిలబడ్డాయి!"

ముంబువా గరిట వదిలేసి నవ్వింది. లుబంగా ఓరకంట చూశాడు. కెముంతో కప్పులోకే చూస్తోంది. గొంతు ఇంకాస్త పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ తల్లి గట్టిది. మేకల్ని చూసి లొంగే రకం కాదు. ఐదుగురు మగాళ్ళని వరసగా నిలబెట్టి, నెత్తిమీంచి మడమలదాకా ఒకే రంగు లేసో గుడ్డలు కప్పేసింది. మా పెళ్ళిళ్ళలో ముసుగేసిన ఆడపిల్లల్లోంచి పెళ్ళికూతుర్ని కనిపెట్టమన్నట్టే, 'వీళ్ళలో నా కొడుకెవరో చెప్పినవాడే తీసుకుపోవచ్చు' అంది. కన్ను కనపడదు, కాలివేలు కనపడదు. బ్యాంకులవాళ్ళు చుట్టూ తిరిగారు. ఒకడు సర్టిఫికెట్లు అడిగాడు. ఐదు గుడ్డల కిందనుంచీ ఐదు కట్టలు బయటికొచ్చాయి. ఐదూ ఒక్కలాగే ఉన్నాయి!"

"సర్టిఫికెట్ల సంగతి మాత్రం నిజమే," అంది కెముంతో.

ఆమె మాట్లాడింది! లుబంగా చేతిలో టీ తొణికి ప్యాంటు మీద పడింది. కాలినా తెలియలేదు.

"నిజమే కదమ్మా! అప్పుడు నేను ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, ఊరంతా వినేట్టు అరిచాను: 'మా సంఘం కంప్యూటర్ల పాస్‌వర్డ్ ఒకటి, రెండు, మూడు, నాలుగు!' నాలుగు గుడ్డలు కదల్లేదు. ఐదో గుడ్డ కింద ఒకడు 'అమ్మో' అని గుండె పట్టుకుని కూలబడ్డాడు. వాడే గథోగో!"

కెముంతోకి టీ పొలమారింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వే లుబంగాని చెడగొట్టింది. ఇక పగ్గాల్లేవు.

"వాడు మొదటిరోజు తాళం వేశాడు చూడూ! ఏడు దేశాల దొంగలు తలుపు కొట్టి కొట్టి వేళ్ళు అరిగిపోయి, చివరికి వాళ్ళే దరఖాస్తులు పట్టుకుని మా ఆఫీసు ముందు వరసకట్టారు. 'అయ్యా, దొంగతనంలో పదేళ్ళ అనుభవం, ఇక మీ దగ్గరే పనిప్పించండి' అని ఒకటే ఏడుపు. ఆ వరస మా గేటు దగ్గర మొదలై మొంబాసా రోడ్డెక్కి మచాకోస్ దాటింది..."

"మా అమ్మ ఇల్లు మచాకోస్‌లోనే. మాకు కనపడలేదే!" అంది ముంబువా.

"ఆ రోజు మీ అమ్మ పొలానికెళ్ళింది."

ఒలూచ్ ఖాళీ కప్పు కింద పెట్టాడు. "అంత మొనగాడు నీ దగ్గరుంటే పదిహేడు మంది పాలవాళ్ళ డబ్బెలా పోయింది పెద్దాయనా?"

లుబంగా ప్యాంటు మీద పడ్డ టీ దులుపుకున్నాడు. "వాడప్పటికే లేడుగా! విదేశాలవాళ్ళొచ్చి కాళ్ళావేళ్ళా పడితే దయతలిచి పంపించేశా. ఒక్కడు పోతే నాకేం లోటు? నాలుగు వందల మందికి ఒకే దెబ్బకి మెయిల్ కొట్టా. అది ఎవరు రాశారనుకున్నారు? నేనే! ఇరవై రోజులు కూర్చుని రాశా. పైన ఇంతింత అక్షరాలు, 'శుభాకాంక్షలు! వేలాది మందిలో మిమ్మల్నే ఎంచుకున్నాం!' అని. పక్కన గిరగిరా తిరిగే బంగారు నక్షత్రం. 'ఇరవై నాలుగు గంటల్లో జవాబివ్వకపోతే ఈ అదృష్టం చేజారిపోతుంది' అని హెచ్చరిక. కింద అరచేయంత ఎర్ర బటన్. నొక్కగానే పుట్టినరోజు, తల్లి పేరు, ఐడీ నంబరు, బ్యాంకు ఖాతా అడుగుతుంది. జీతం వెయ్యాలిగదా మరి! పంపిన నిమిషంలో నాలుగు వందల మందీ తెరిచారు! నాలుగు వందల మందీ నొక్కారు! కొందరు రెండేసి సార్లు నొక్కారు! ఒకడైతే నా మీద నమ్మకంతో అడక్కుండానే పిన్ నంబరు కూడా రాసిచ్చాడు! ఇంత జరిగాక కూడా కొందరు జవాబివ్వకుండా బెట్టు చేస్తుంటే వాళ్ళ ఖర్మ అంటాను నేను!"

అని కెముంతో వైపు తిరిగి కూర్చున్నాడు.

కెముంతో నవ్వడం ఆపేసింది. ఆయన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"బాబాయ్, ఆ ఉత్తరం నువ్వు రాశావా?"

"ఒక్కణ్ణే!"

"నొక్కినవాళ్ళు నాలుగు వందల మంది?"

"ఒక్కడూ తగ్గడు!"

"అయితే ఆ నాలుగు వందల మందిలో ఒక్కడికి కూడా ఆ పని ఇవ్వకు."

"అదేంటమ్మా?"

"అలాంటి ఉత్తరం వస్తే నొక్కకుండా ఉండటమే మా పని బాబాయ్. నొక్కినవాణ్ణి మేం మళ్ళీ అ ఆ ల దగ్గర కూర్చోబెడతాం. నీవి నాకు మూడొచ్చాయి. ఎవడో దొంగ మీ సంఘం పేరు పెట్టుకున్నాడనుకున్నా. మంగళవారం మా కొత్తవాళ్ళకి గోడ మీద పెద్దదిగా వేసి మరీ చూపించా. దొంగ ఉత్తరానికి పదకొండు గుర్తులుంటాయి. మామూలుగా నాలుగో అయిదో దొరుకుతాయి. నీదాంట్లో పదకొండూ ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు."

ఒలూచ్ బెంచీ మీంచి జారి కింద కూర్చున్నాడు. ముంబువా మందాజీలు మాడ్చింది. మీరూ అప్పుడే కడుపారా నవ్వుకుని, కప్పులిచ్చేసి వెళ్ళిపోయారు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా తల్లీ?" అన్నాడు లుబంగా నీరసంగా.

"మీ సంఘం పేరుతో మోసం జరుగుతోందని చెప్పడానికి రెండుసార్లు ఇక్కడికొచ్చా. మొదటిసారి నువ్వు చిరుతపులిని ఇంటర్వ్యూ చేసిన కథలో ఉన్నావు. రెండోసారి ఆ చిరుతపులికి జీతం పెంచుతున్నావు. నన్ను నోరు తెరవనిస్తేగా! సరే, నేనిక్కడే ఉన్నా. ఏం అడగాలనుకున్నావో అడుగు."

గంటసేపు ఆగకుండా వాగిన మనిషి అసలు మాట దగ్గర మంచినీళ్ళడిగాడు. ముంబువా నీళ్ళిచ్చింది. తాగాడు.

"మీ బ్యాంకిచ్చే జీతంలో సగం, ఆపైన కాస్త. అంతకంటే ఇవ్వలేం. గది ఇరుకు. పనిచేసేది నువ్వొక్కదానివే. గథోగోని నేను పంపలేదు, మూడు నెలలకే మానేసి పోయాడు, ఆపలేకపోయా. మురాంగాలో పెళ్ళి మాటలు మా తమ్ముడివి. నాలుగు వందలు అబద్ధం. అరవై పంపితే ఇద్దరు నొక్కారు."

"మరి ఆ పాస్‌వర్డో?"

లుబంగా తల దించుకున్నాడు. "అది నిజమే."

"బాబాయ్!" కెముంతో లేచి నిలబడింది. "నడిరోడ్డు మీద మైకు పెట్టినట్టు చెప్పావే! ముందు ఆఫీసుకి ఫోన్ చెయ్. ఇప్పుడే!"

చేశాడు. ఫోన్ ఆమే లాక్కుంది. ఏం నొక్కాలో, ఎవరిని బయటికి పంపి తలుపెయ్యాలో గుమాస్తాకి చెప్పి, మార్చేదాకా వదల్లేదు. ఫోన్ తిరిగిచ్చి అడిగింది, "పోయినసారి డబ్బు పోయినవాళ్ళకి ఎవరు చెప్పారు?"

"నేనే. పదిహేడు ఇళ్ళూ తిరిగా. మేరూ వైపు కొండల్లో కజూజు అని ఒక ముసలమ్మ ఉంది, రెండావులు. నీ డబ్బు పోయిందమ్మా అన్నా. ఎండలో పడి వచ్చావు నాయనా అని పాలు కాచి ఇచ్చింది. తాగలేకపోయా."

"ఇది చెప్పొచ్చుగా బాబాయ్, ఇన్నాళ్ళూ?"

"ఇందులో గొప్పగా చెప్పుకోడానికి ఏముందమ్మా?"

కెముంతో అద్దాల మేడ వైపు చూసింది. "నేను రాజీనామా ఇచ్చిన గంటలో మావాళ్ళు జీతం పెంచుతారు. నీ కథలో ఆ ఒక్క ముక్కా కోత కాదు. అప్పుడు నువ్వేం చేస్తావు?"

"ఏం చెయ్యను. పెంచడానికి నా దగ్గర లేదు."

"అయితే ఇప్పుడు చెప్పిందంతా కాగితం మీద రాయి. చేత్తో. నక్షత్రాలొద్దు."

ముంబువా మందాజీలు చుట్టే కాగితాల్లో శుభ్రమైనది ఒకటి చింపి ఇచ్చింది. లుబంగా మోకాలి మీద పెట్టుకుని రాశాడు. జీతం, గది, పని, పదిహేడు మంది. నాలుగు వాక్యాలు. కింద సంతకం. ఆ మోకాలు ఇప్పుడు వణకడం లేదు.

కెముంతో రెండుసార్లు చదివింది. కలం అడిగి తీసుకుంది. నాలుగు కావడానికి ఇరవై నిమిషాలుంది. జేబులో ఆమె ఫోన్ మోగుతోంది, వేరే బ్యాంకు తరపున మనుషుల్ని వెతికేవాడు, ఆ వారంలో మూడోసారి. కాగితం ఒక చేతిలో, కలం ఇంకో చేతిలో.

ఆ కలం మీ చేతిలో ఉంటే, మీరైతే సంతకం పెట్టేవారా?