గోడ ఎత్తు

గోడ ఎవరు పడగొట్టినారు, ఎవరు పడగొట్టినారు అని పొద్దున్నించీ ఇంటింటికీ తిరుగుతాండావే ఇంజనీరప్పా, నోరు నొయ్యలేదా? కూసో. నేను లేచి నిలబడలేదని మొగం ముడుచుకోవద్దు.

కర్నూలు రాజధాని అయినాక మా ఊరికీ ఏదో ఒకటి వస్తాదనుకుంటిమి. నువ్వొస్తివి! దిగుడుబాయిలో కాళ్లు పెడితే పుండ్లలోని నారిపురుగు నీళ్లలో కలుస్తాది, ఆ నీళ్లు తాగితే ఏడాదికి కాలు చీల్చుకొని బయటికొస్తాది అంటివి. మెట్లకు అడ్డంగా గోడ కట్టిస్తివి, పైన గిలక బిగిస్తివి. మంచిదే, ఎవరు కాదన్నారు?

కానీ ఎవరినడిగి కట్టినావు? రెడ్డినా? ఆయప్ప పుట్టినాక ఒక్క కడవ తోడినాడా? వాళ్లింట్లో కోడికూర తినొచ్చి, బాయికాడ నువ్వే నిలబడి, నీ నడుముకాడికి గీత గీస్తివి. నీ నడుమంటే నా రొమ్ము! నీళ్లు తోడే ఆడోళ్లలో నీ అంత పొడుగుది యాడుండాది?

ఏమీ? అప్పుడే చెప్పొచ్చు కదా అంటావా? చెప్పినా. "కొలతలు సర్కారువి అవ్వా" అనె మీ జవాను.

మా కోడలు లక్ష్మక్క, ఎనిమిది నెలల కడుపుతో, రాయి మీద రాయి పెట్టుకొని ఎక్కి చేంతాడు లాగబోయి పడె. రెండు దినాలు కడుపులో బిడ్డ కదల్లేదు. ఎంత భయపడినానో నాకే తెలుసు. రాఘవేంద్రస్వామి దయ, బిడ్డ దక్కింది.

సరే, ఇంక దాచేదేముండాది? గడ్డపార పట్టింది నేనే. హులిగెమ్మ అని రాసుకో. ఊరంతా నన్ను శానా మెచ్చుకొనె. మళ్లీ అందరం మెట్లు దిగితిమి. పురుగూ లేదు గిరుగూ లేదని నిన్ను తిట్టుకొని నవ్వుకుంటిమి.

నువ్వు మళ్లీ ఈ పక్కకే రాకపోతివి, ఏడాది తిరిగె. ఇదో, కోక జరుపుతా, నా కాలు సూడు. ఆ పుల్లకు చుట్టింది దారం కాదప్పా, నువ్వు చెప్పిన నారిపురుగే. దినానికి వేలెడు కూడా రాదు. తెగితే కాలే పోతాదంట.

నా నొప్పి వదిలెయ్. ఆ దినం కడుపులో ఉన్న బిడ్డే, నిన్న నా చేతిలో చెంబు గుంజుకొని ఆ నీళ్లే గుటగుటా తాగె. ఏడాదికి ఆ చిన్న కాల్లోనించి ఏమొస్తాదో?

జైలుకు పంపుతావా, పంపు. గోడ మాత్రం మళ్లీ కట్టు. పట్టు, నన్ను లేపు, బాయికాడికి పోదాం. ఈసారి గీత నా నడుముకాడ గీయి.